ఆదోని యార్డు, ఎమ్మిగనూరు గజం



శిష్యులు ఎవరి పేరున ఈ నిధిని ఏర్పాటు చేశారో ఆ సారు ఉద్యోగకాలమంతా ఇంగ్లీషే చెప్పారు. కానీ ఆయన పాఠం పుస్తకంతో మొదలయ్యేది కాదు. పిల్లవాడిది ఏ ఊరు, వాళ్ల నాయన ఏం పని చేస్తాడు అని అడిగి, అక్కడ వినబడే మాటతో మొదలుపెట్టేవారు. నేనూ ఈ రోజు ఆ దారినే పోతాను. షేక్‌స్పియర్ జోలికి పోకుండా, ఆదోనిలో బడి ముఖం చూడని వాళ్లు కూడా రోజూ పలికే ఒక ఇంగ్లీషు మాటను మీ ముందు పెడతాను. ఆ మాట యార్డు.

అక్టోబరు దాటి పత్తి దిగడం మొదలైతే ఆదోనిలో ఈ మాట వినకుండా ఒక్క పూట గడవదు. "ఈపొద్దు యార్డులో ఏం రేటు పలికింది న్నా?" అంటారు. "యార్డుకు మూడు రోజులు సెలవంట" అంటారు. పత్తి, వేరుశనగ, ఆముదాలు బండెక్కితే "సరుకు యార్డుకు పోయింది" అంటారు. 'మార్కెట్' అనే ముందుమాట ఎప్పుడో రాలిపోయింది. రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఆదోని ఒకటి. ఒకప్పుడు ఈ ఊరిని రెండో బొంబాయి అనేవాళ్లు. అలాంటి ఊళ్లో యార్డు అనే మాటకు వివరణ అక్కర్లేదు.

తక్కిన తెలుగునేల మీద కూడా ఈ మాట స్థిరపడింది. విశాఖలో షిప్‌యార్డు ఉంది. అక్కడ కట్టిన జల ఉష ఓడను 1948 మార్చిలో నెహ్రూ నీళ్లలోకి దింపారు. గుంతకల్లులో రైల్వే యార్డు ఉంది. ఇసుకకు స్టాక్ యార్డులు, మునిసిపాలిటీల చెత్తకు డంపింగ్ యార్డులు ఉన్నాయి. వీటన్నిటిలో ఒక పోలిక గమనించండి. తెలుగులో యార్డు అంటే పని జరిగే చోటు. సరుకో, ఇనుమో, చెత్తో ఒకచోటికి చేరి, అక్కడి నుంచి మరోచోటికి కదిలే చోటు. ఇంటి వెనక తులసికోట ఉన్న జాగాను ఆదోనిలో ఎవరూ యార్డు అనరు. ఇప్పుడు ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తెరవండి. మొదట కనబడేవి 'పెరడు', 'ఆవరణ', 'గజము'. ఆదోని పిల్లవాడికి పుట్టుకతో తెలిసిన అర్థం అక్కడ ఉంటే చివర ఉంటుంది, లేదంటే ఉండనే ఉండదు. సారుకు నచ్చనిది అదే. తనకు తెలిసిన మాటనే తెలియని మాటగా మార్చి పిల్లవాడి చేత వల్లె వేయిస్తున్నామని ఆయన బాధపడేవారు.

పెరడుకూ గజానికీ సంబంధం ఏమిటి? ఒకటి చోటు, ఇంకొకటి కొలత. ఒకే మాటకు ఇంత దూరపు అర్థాలు ఎలా వచ్చాయని పిల్లలు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. అసలు ఇది ఒక మాట కాదు. వేరువేరు ఇళ్లలో పుట్టిన రెండు పాత ఇంగ్లీషు మాటలు, ఉచ్చారణ అరిగి అరిగి, ఒకే రూపానికి వచ్చాయి. ఒకటి కంచె వేసిన జాగాను చెప్పే గెయార్డ్, రెండోది కర్రను, బెత్తాన్ని చెప్పే గెర్డ్. గట్టి నిఘంటువులు వీటిని ఒక మాటకున్న రెండు అర్థాలుగా చూపవు, రెండు వేరు మాటలుగా ఇస్తాయి.

ముందు కంచె సంగతి చూద్దాం. ఈ మాట కుటుంబం చాలా పెద్దది. ఇంగ్లీషులో తోటను చెప్పే గార్డెన్, పండ్లతోటను చెప్పే ఆర్చర్డ్ దీని బంధువులే. రష్యన్ భాషలో ఊరిని గోరద్ అంటారు. నోవ్‌గరద్, లెనిన్‌గ్రాడ్ పేర్ల చివర ఉన్నది అదే. కంచె వేసిన జాగా పెరిగి ఊరైంది, ఊరు పెరిగి నగరమైంది. సంస్కృతంలోని గృహం కూడా ఈ వంశానిదేనని భాషాశాస్త్రజ్ఞులు చుట్టరికం చెబుతారు. అంటే మార్కెట్ యార్డులో రైతుల కోసం కట్టిన విశ్రాంతి గృహం బోర్డు మీద వేల ఏళ్ల కింద విడిపోయిన ఇద్దరు దాయాదులు ఒక్కచోట కలిశారు.

ఇలాంటి ప్రయాణం చేసిన మాట మనకూ ఉంది. దొడ్డి. గొడ్లను తోలే కంచె జాగా అది. కోస్తా వైపు అదే మాట ఇంటి వెనక జాగా అయింది. బందెల దొడ్డి అన్నప్పుడు పొలం మేసిన గొడ్లను కట్టేసే సర్కారు చోటు అయింది. పెద్దకడుబూరు మండలంలో బసలదొడ్డి ఉంది. తుంగభద్ర దాటి రాయచూరు వైపు పోతే దొడ్డితో ముగిసే ఊరి పేర్లు ఇంకా వినబడతాయి. గొడ్ల కంచె దగ్గర నాలుగు గుడిసెలు లేచి, ఆ నాలుగు గుడిసెలు ఊరై, ఊరికి దొడ్డి పేరే నిలిచింది. రష్యావాళ్లు గోరద్ అన్నప్పుడు జరిగిందీ, మనం దొడ్డి అన్నప్పుడు జరిగిందీ ఒకటే. యార్డు అనే మాటను పశ్చిమ కర్నూలు పిల్లలకు చెప్పాలంటే పెరడుతో కాదు, దొడ్డితో మొదలుపెట్టమంటాను.

ఇక మన మార్కెట్ యార్డు. దీన్ని ఊరికే విశాలమైన మైదానం అనుకుంటాం. చట్టం దృష్టిలో ఇది ఒక కంచె. ఆ కంచె ఎందుకు వచ్చిందో తెలియకపోతే ఆదోనిలో ఈ మాట బరువు తెలియదు.

నల్లరేగడి పత్తి ఇక్కడ చాలా పాత పంట. బళ్లారి, కర్నూలు, అనంతపురం వైపు పత్తికి బొంబాయి, లాంకషైర్ వ్యాపారులు 'వెస్టర్న్స్' అని పేరు పెట్టుకున్నారు. అప్పుడు ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి దూది ఆగిపోగానే లాంకషైర్ మిల్లుల చూపు మన పత్తి మీద పడింది. 1871లో ఆదోని మీదుగా రైలు మార్గం వచ్చింది. పత్తి ఒలిచే జిన్నింగు ఫ్యాక్టరీలు, బేళ్లు కట్టే ప్రెస్సులు లేచాయి. సరుకు ఇంత దూరం పోతున్నా, దాన్ని పండించిన రైతుకు మాత్రం ఆ రోజు ధర ఎంతో తెలిసే దారి లేదు. దేశంలో చాలా మార్కెట్లలో దళారీలు తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్లు నొక్కి బేరం తేల్చుకునేవాళ్లు. ఎదురుగా నిలబడ్డ రైతుకు తన పంట ఏ ధరకు పోయిందో వాళ్లు చెప్పిందాకా తెలియదు. తూకంలో తరుగు, ధర్మానికి కొంత, గుడికి కొంత అని కోతలు. కాటా వ్యాపారిదే, రాళ్లూ ఆయనవే.

బేరారులో 1897లో పత్తి మార్కెట్లకు చట్టం వచ్చింది. 1928లో వ్యవసాయం మీద రాయల్ కమిషన్ ఇలాంటి నియంత్రిత మార్కెట్లు దేశమంతటా ఉండాలని సిఫారసు చేసింది. మద్రాసు ప్రభుత్వం 1933లో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం తెచ్చింది. తర్వాత మన రాష్ట్రానికి 1966 చట్టం వచ్చింది. ఈ చట్టాలన్నిటి సారం ఒక్కటే. ఒక జాగాకు హద్దు గీయాలి. ఆ హద్దు లోపల ధర బహిరంగంగా పలకాలి, కాటా అందరి కళ్లముందు ఉండాలి, కొనేవాడికి లైసెన్సు ఉండాలి, కోతలు రాసిపెట్టినవే ఉండాలి. గొడ్లు బయటికి పోకుండా వేసినది పాత కంచె. మోసం లోపలికి రాకుండా వేసినది ఈ కంచె. అది ప్రతి రోజూ పని చేసిందని నేను అనను. తేమ పేరున కోతలు, లారీల వెనక లారీలు నిలిచి రాత్రంతా చలిలో కాసుకునే రైతులు, సీజనులో తలనొప్పులు మీకందరికీ తెలుసు. అయినా ధర అడిగే హక్కు రైతుకు ఒక చోటు రూపంలో దక్కింది. ఆ చోటుకు జనం ఒక ఇంగ్లీషు పేరును తమదిగా చేసుకున్నారు.

ఈ మాట అర్థం ఎంత పెద్ద విషయమో 2020లో దేశం చూసింది. ఆ ఏడాది వచ్చిన కేంద్ర వ్యవసాయ చట్టాల్లో ఒకటి 'ట్రేడ్ ఏరియా' అనే కొత్త మాటను నిర్వచించింది. మార్కెట్ యార్డుల భౌతిక హద్దులు వదిలి తక్కిన దేశమంతా వ్యాపార ప్రాంతమే అన్నది దాని భావం. యార్డు గోడ లోపల ఒక నియమం, గోడ బయట మరో నియమం. ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు ఏడాదికి పైగా కూర్చున్న ఉద్యమంలో ప్రధానమైన వాదం ఆ గోడ గురించే. 2021 చివర ఆ చట్టాలు రద్దయ్యాయి. మాటల అర్థాలు పండితుల గొడవ అనుకునే వాళ్లు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుంచుకోవాలి.

యార్డు నుంచి బయటపడే ముందు మరో మాట. యార్డులో పత్తి క్వింటాళ్లలో అమ్ముతారు, జిన్నింగు అయ్యాక దూదిని మాత్రం ఇప్పటికీ క్యాండీ లెక్కన అమ్ముతారు. క్యాండీ అంటే 784 పౌన్లు, సుమారు 356 కిలోలు. ఇంగ్లీషు పిల్లలకు క్యాండీ అంటే మిఠాయి. పత్తి వ్యాపారపు క్యాండీ మన దేశపు కండి, ఖండి తూకాల నుంచి ఇంగ్లీషులోకి పోయి, ఇంగ్లీషు వేషంలో తిరిగి వచ్చింది. పత్రికల్లో ధరల పట్టిక చూసే విద్యార్థికి దీని మీద ఒక మంచి పాఠం చెప్పవచ్చు.

రెండో యార్డు కర్ర. కొలకర్ర. తెరచాప ఓడల మీద చాపను కట్టే అడ్డదూలాన్ని కూడా ఇంగ్లీషువాళ్లు యార్డు అంటారు, అదీ కర్రే కనుక. అంటే కోరంగి లాంటి రేవుల్లో తెరచాప ఓడలు కట్టిన కాలంలో, ఒక యార్డులో కూర్చుని ఇంకో యార్డును చెక్కేవాళ్లన్నమాట. కొలకర్రగా యార్డుకు మూడడుగులు, ముప్పై ఆరు అంగుళాలు. ఇంగ్లండులో దానికి ఒక అధికారిక ప్రతిని చేసి లండన్ పార్లమెంటు భవనంలో భద్రపరిచారు. 1834 అక్టోబరులో ఆ భవనం తగలబడింది. పాత పన్నుల లెక్కలు గుర్తులు కోసిన కర్రముక్కల మీద ఉండేవి. అక్కర తీరిన ఆ కర్రలను పొయ్యిలో వేసి కాలుస్తుంటే నిప్పంటుకుంది. ఆ మంటల్లో ప్రామాణిక గజం పాడైపోయింది. లెక్క కర్రలు కొలకర్రను కాల్చేశాయి. కొత్తదానికి చట్టబద్ధత రావడానికి 1855 దాకా పట్టింది.

మనకు ఈ కొలత చేతుల్లో ఉండేది. జాన, మూర, బార. రెండు మూరలు ఒక గజం. ఇప్పటికీ పూలు మూరల్లోనే కొంటాం. గజం అన్న మాట మాత్రం పార్సీ గజ్. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత ఆదోని బీజాపూరు ఆదిల్‌షాహీల చేతికి వచ్చింది. ఊళ్లో సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఆ కాలానిదే. పార్సీ దఫ్తరు భాషగా ఉన్న ఆ రోజుల్లో జమా, ఖర్చు, రశీదుల్లాగే గజమూ దక్కను బజార్లలో తిరిగింది. దాని పొడవు అన్నిచోట్లా ఒకటి కాదు. అక్బరు కాలపు ఇలాహీ గజ్ నలభై ఒక్క వేళ్ల కొలత. మనం వాడే గజం ఇంగ్లీషు యార్డు పొడవుకు సర్దుకుంది.

ఇక్కడే నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఉంది. తెలుగులో గజం అంటే ఏనుగు కూడా. అది సంస్కృతం నుంచి వచ్చింది, కొలత పార్సీ నుంచి వచ్చింది. ఇద్దరికీ ఏ బంధుత్వమూ లేదు. నోటికి వచ్చేసరికి ఇద్దరూ ఒకరైపోయారు. ఇంగ్లీషులో కంచె, కర్ర కలిసిపోయి యార్డు అయినట్టే, మన భాషలో ఏనుగు, కొలకర్ర కలిసిపోయి గజం అయ్యాయి. ఒక భాషలోని జంటమాటకు మన భాషలోనూ జంటమాటే దొరకడం అరుదు. గజరాజును, చదరపు గజాన్ని ఎవరూ కలగాపులగం చేసుకోరు. ఏ గజమో చుట్టూ ఉన్న మాటలే చెబుతాయి. ఇంగ్లీషు మాటకు ఇన్ని అర్థాలా అని బెదిరిపోయే విద్యార్థికి ఈ ఒక్కటి చూపిస్తే బెదురు పోతుంది. తాను పుట్టినప్పటి నుంచి చేస్తున్న పనే ఇది.

గజం మన నేలలోకి ఎంత లోతుగా దిగిందో చూడండి. 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాక థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి పొలాలన్నీ కొలిపించాడు. 33 అడుగుల గొలుసు వాడారు. 33 అడుగులంటే 11 గజాలు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న ముక్క ఒక గుంట, 121 చదరపు గజాలు. నలభై గుంటలు ఒక ఎకరం, 4,840 చదరపు గజాలు. క్రికెట్ పిచ్ 22 గజాలు. సరిగ్గా మన్రో గొలుసుకు రెండింతలు, ఎందుకంటే అది పాత ఇంగ్లీషు సర్వే గొలుసు పొడవు. ఆదోని మైదానంలో బ్యాటు పట్టిన పిల్లవాడు ఆడే పిచ్ పొడవూ, వాళ్ల తాత పట్టా పొలమూ ఒకే కొలకర్ర సంతానం. ఆ మన్రో 1827లో ఇక్కడికి దగ్గరలోని పత్తికొండలోనే కలరాతో చనిపోయాడు.

ఇక చేనేత ఊరు ఎమ్మిగనూరు దగ్గరికి వద్దాం. 1956 తూనికలు కొలతల చట్టం తర్వాత బట్ట మీటర్లలోకి వచ్చింది. ఆరు గజాల చీర ఐదున్నర మీటర్ల చీర అయింది. అయినా నేతగాడి ఇంట్లో గజం ఒకచోట దాక్కుని బతికే ఉంది. నూలు నంబరులో. నలభై నంబరు, అరవై నంబరు, ఎనభై నంబరు అంటాం. నంబరు పెరిగే కొద్దీ నూలు సన్నమవుతుందని మగ్గం మీద కూర్చునే ఎవరైనా చెబుతారు. ఆ నంబరు లెక్క ఇది. 840 గజాల నూలు ఒక చిలప. ఒక పౌను బరువుకు అలాంటి చిలపలు ఎన్ని తూగితే అది ఆ నూలు నంబరు. నలభై నంబరు అంటే పౌనుకు నలభై చిలపలు, 33,600 గజాలు. కిలోమీటర్లలో ముప్పై పైచిలుకు. ఆదోని నుంచి ఒక పౌను నలభై నంబరు నూలు పోగు విప్పుతూ పోతే ఇంచుమించు ఎమ్మిగనూరు చేరుతుంది. ఇంగ్లండు బళ్లల్లో కూడా ఇప్పుడు మీటర్లే నేర్పుతున్నారు, మన మగ్గాల దగ్గర మాత్రం వాళ్ల పాత గజం, పాత పౌను నేటికీ నూలు సన్నదనాన్ని తేలుస్తున్నాయి.

ఎమ్మిగనూరులో ఈ కొలతకు గౌరవం తెచ్చినవారు పద్మశ్రీ మాచాని సోమప్ప. 1938లో ఆయన చేనేత సహకార సంఘం స్థాపించారు. ఊళ్లో దాన్ని సొసైటీ అంటే చాలు. సహకార సంఘం అంటే నేతగాడికి నూలు ఇవ్వడం, నేసిన బట్ట తీసుకోవడం, కూలి కట్టివ్వడం. పైకి అంతే. షావుకారు దగ్గర నూలు అప్పు తెచ్చుకుని, ఆయన కొలిచినంతే కొలత, ఆయన ఇచ్చినంతే కూలి అని బతికిన వాళ్లకు, తమ సభ్యత్వం ఉన్న చోట, తమ కళ్లముందు బట్ట కొలవడం చిన్న మార్పు కాదు. ఎమ్మిగనూరు దుప్పటి, తువ్వాలు దూరపు ఊళ్లలో పేరు తెచ్చుకోవడానికి వెనక ఆ నమ్మకం ఉంది. ఆదోని యార్డులో కాటా, ఎమ్మిగనూరు సొసైటీలో గజం. ఒక యార్డు నల్లరేగడి రైతుది, ఒక యార్డు నేతగాడిది. అందరూ చూస్తుండగా తూచి, అందరూ చూస్తుండగా కొలిచినప్పుడే ఈ రెండు మాటలకూ ఇక్కడ విలువ వచ్చింది. ఆ విలువ నిఘంటువులో ఉండదు, ఈ నేల చరిత్రలో ఉంది.

ఇప్పుడు మన పిల్లలు అమెరికాలో ఉన్నారు. అక్కడ యార్డు అంటే ఇంటి చుట్టూ గడ్డి. శని ఆదివారాల్లో ఆ గడ్డి కోయడం యార్డు పని. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో బ్యాక్‌యార్డులో గోంగూర, బచ్చలి పెంచుకుంటున్నామని ఫోనులో చెబుతారు. ఇన్నేళ్లకు యార్డు అన్న మాట తెలుగువాళ్ల నోట పెరడుగా మారింది. ఆదోనిలో ఉన్న నాయనకు యార్డు అంటే కాటా, హమాలీలు, టెండరు. కొడుక్కు యార్డు అంటే గోంగూర మడి. ఇద్దరి తెలుగూ సరైనదే.

సారు ఉండి ఉంటే ఇక్కడ ఆపి, "అయితే ఏం చేయాలంటావు?" అని అడిగేవారు. నా జవాబు ఇది. 1879లో జేమ్స్ ముర్రే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కోసం ఇంగ్లీషు చదివే ప్రజలందరికీ ఒక విన్నపం ప్రచురించాడు. మీరు చదివే పుస్తకాల్లో మాటలను, వాటి వాడుకను చీటీల మీద రాసి పంపండి అని. వేలమంది పంపారు. నిఘంటువు 1928లో పూర్తయింది. మన దగ్గర ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి పుస్తకాల నుంచి కాకుండా పనిచేసే మనుషుల నోటి నుంచే మాటలు సేకరించి మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు. మొదటి సంపుటం 1962లో వ్యవసాయం మీద, రెండోది 1971లో చేనేత మీద. సరిగ్గా ఆదోని, ఎమ్మిగనూరుల వృత్తులు. ఒకటి పొలం మాటలు చెబుతుంది, ఒకటి మగ్గం మాటలు చెబుతుంది. పొలానికీ మగ్గానికీ నడుమ ఉన్న మండీ, కాటా, జిన్నింగు, ప్రెస్సు, హమాలీల మాటలు, వాటిలో తెలుగు, కన్నడం, ఉర్దూ, ఇంగ్లీషు కలిసిపోయిన తీరు ఇప్పటికీ మన చెవుల్లోనే ఉన్నాయి. ధర తెర మీద కనబడే రోజులు వచ్చాయి. కాటా కూడా అంకెలు చూపే యంత్రమైంది. పాత మాటలు తెలిసిన హమాలీలు, తూకందారులు, నేత పెద్దలు ముసలివాళ్లవుతున్నారు.

అందుకే ఇక్కడ కూర్చున్న ఇంగ్లీషు, తెలుగు ఉపాధ్యాయులను చేతులు జోడించి అడుగుతున్నాను. ఈ సీజనులో మీ తరగతిని ఒక్క పూట యార్డుకు తీసుకుపోండి, ఇంకో పూట ఎమ్మిగనూరులో మగ్గం దగ్గరికి తీసుకుపోండి. పిల్లల చేత మాటలు రాయించండి. ఎవరు చెప్పారు, ఏ ఊరు, ఏ పని చేస్తూ చెప్పారు అన్నది మాట పక్కనే రాయించండి. ఇంగ్లీషు మాటలను తీసేయకండి, అవి కూడా మనవే అయ్యాయి. రాసిన పుస్తకాలను బళ్లోనే భద్రపరచి, వచ్చే ఏడు ఇదే సభకు తీసుకురండి. ఆ మాటలను ఒక్కొక్కటిగా ఇక్కడ చదువుదాం.